లేవని ముల్లు

జనవరి 31, 1994, సోమవారం

ఈ రోజు నుంచి ముప్పై రోజులు నేను నోరు తెరవకూడదు. అందుకే రాయడం మొదలుపెడుతున్నాను. రాయకపోతే రేపు మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరికి అంతా చెప్పేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

షరతు పెట్టింది కాశీనాథం ఉస్తాద్. మా ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ పాసైన పదహారు మందిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మిగతా పదిహేను మందికీ ఎక్కడో ఒక దగ్గర జాగ దొరికింది. నేను అప్రెంటిస్ ఫారం పట్టుకుని సిద్దిపేటలో ఆరు గ్యారేజీలు తిరిగాను. ఆరు చోట్లా ఒకటే ప్రశ్న. "ఎవ్వలి కోసమమ్మా, తమ్ముని కోసమా?"

ఏడోది ఉస్తాద్ గ్యారేజీ. ఆయన ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గ్రీజు మరక ఒకటి అంటించాడు కూడా.

"నెల దినాలు చూస్త. కొత్తగ వచ్చినోళ్లకు ఈడ ఒకటే కానూన్. బండికేం రోగమొచ్చిందో చెప్పేది నేను. నువ్వు గిరాకికి చెప్పద్దు, నాకు చెప్పద్దు, నీల నువ్వు గొణుగుడు గూడ వద్దు. పానాలు, సుత్తెలు అందియ్యి, చూడు. నెలైనంక సంతకం సంగతి మాట్లాడుదం."

"సరే ఉస్తాద్, నేను ఒక్క మాట కూడ..."

"గిదే. గిదే వద్దన్న."

ఫారం ఇవ్వడానికి ఆఖరి తేదీ మార్చి 5. నా మౌనం మార్చి 1తో అయిపోతుంది. మధ్యలో నాలుగు రోజులు. చాలు. సంతకం పడకపోతే ఈ ఏడు పోయినట్టే, మళ్లీ అవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టడమే. ఎనిమిదేళ్ల వయసు నుంచీ చుట్టాను. ఇక చాలు.

ఈ పుస్తకం దాచే పని లేదు. మా ఇంట్లో అక్షరం వచ్చింది నాకొక్కదానికే.

ఫిబ్రవరి 2

మాట్లాడలేదు. రెండుసార్లు దగ్గాను.

ఫిబ్రవరి 5, శనివారం

ఈ రోజు పర్శరాములన్న జీపు వచ్చింది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు కొమురవెల్లి మల్లన్న దగ్గరికి జనాన్ని తిప్పే జీపు అది. పోయిన ఆదివారం దారిలో నీళ్ల పైపు పగిలి, ఇంజను ఉడికి, పొగ లేచిందట. ఎదురుగా హీటు చూపించే ముల్లు మాత్రం చల్లగా ఉన్న దగ్గరే పడుకుని ఉందట.

"ఉస్తాదూ, పైపు సంగతి పక్కకు పెట్టు. ముల్లు సచ్చిందే నాకు పరేషాన్. గది లేకుంటే నేను గుడ్డోని లెక్కనే. ఎనిమిది మంది పానాలు నా చేతులుంటయి."

"ఎనిమిది మందా?"

"పన్నెండు."

"పర్శరాములూ."

"సరే, పదహారు. మల్లన్న దగ్గరికి పోయేటోళ్లను దిగమంటనా?"

ఉస్తాద్ నవ్వాడు. బానెట్ ఎత్తి, ఇంజను పక్కన బొటనవేలంత ఇత్తడి సెన్సర్‌ను చూపించాడు. ఇంజను నీళ్లు ఎంత వేడెక్కాయో కనిపెట్టి ముల్లుకు చెప్పేది అదే. దసరాకు అక్కడ నీళ్లు కారుతున్నాయని ఉస్తాదే దాన్ని విప్పి గట్టిగా బిగించాడట. అప్పటి నుంచి చుక్క కారలేదు. "సెన్సర్ పోయింది, గంతే. పట్నం నుంచి కొత్తది తెప్పిస్త" అన్నాడు.

ముల్లు దసరా నుంచే లేవడం లేదా అని అడగాలనిపించింది. నాలుక కరుచుకున్నాను. నిజంగానే కరుచుకున్నాను, ఇంకా మండుతోంది.

ఫిబ్రవరి 8, మంగళవారం

ముందు శుభవార్త రాసి తర్వాత అన్నం తింటాను.

ఈ రోజు ఉస్తాద్ నా చేతికి పని ఇచ్చాడు. కొత్త సెన్సర్ వచ్చింది. ఉస్తాద్ గ్యారేజీ పెట్టకముందు బోరింగులకు పైపులు బిగించేవాడట. పైపు మరల మీద నూలు దారం చుట్టి, తెల్లటి సఫేదా పూసి బిగిస్తే నీళ్లు కారవు. జీపైనా, ట్రాక్టరైనా, లారీ అయినా నీళ్లు ఉన్న ప్రతి చోటా ఆయన అదే చేస్తాడు. "కాశీనాథం బిగించిన కాడ నీళ్లు కారినయంటే మీసం తీసేస్త" అని గిరాకీలకు చెబుతాడు. ఆయనకు మీసం లేదు. ఆ మాట ఎవరూ అనరు.

దారం రీలు నా ముందు పెట్టాడు. "చుట్టు, చూస్త."

చుట్టాను. సన్నగా, దగ్గరగా, ఒక పోగు మీద ఇంకో పోగు ఎక్కకుండా, మర మొదటి నుంచి చివరి దాకా రెండు వరసలు. సఫేదా వేలితో నున్నగా పూశాను. ఉస్తాద్ వెలుతురుకు ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎక్కడ నేర్చినవే ఇది?"

మాట్లాడొచ్చో లేదో తెలియలేదు. బీడీకి దారం కట్టినట్టు వేళ్లు ఆడించి చూపించాను.

"చెయ్యి మంచిగున్నది" అన్నాడు. మళ్లీ అన్నాడు. "చెయ్యి మంచిగున్నది, బాలమణీ."

పిల్లా అనలేదు. బాలమణీ అన్నాడు. సైకిల్ మీద ఇంటికి వస్తూ నాలో నేను నవ్వుకుంటుంటే సోడా బండి ఆయన "ఏమమ్మా, లాటరీ తాకిందా" అన్నాడు. ఔనన్నట్టు తలూపాను.

అవ్వకు చెప్పాను. ఇంట్లో మాట్లాడితే షరతులోకి రాదు. అవ్వ బీడీ కట్ట పక్కన పెట్టి అంది, "ఇన్నేండ్లు చదివి, ఆఖరుకు దారమే చుడ్తున్నవా?" అని. నవ్వింది. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 9

ముల్లు లేవలేదు. "మాల్ ఖరాబొచ్చింది" అన్నాడు ఉస్తాద్. అంతే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 12, శనివారం

ఉస్తాద్ తిండికి పోయినప్పుడు ఒక పని చేశాను. మాట్లాడలేదు కాబట్టి తప్పు లేదు.

సెన్సర్ మీదుండే వైరు పీకి, కొసను ఇంజను ఇనుముకు తాకించాను. ఒక్క క్షణమే. ముల్లు చివరి దాకా ఎగిరింది. పడుకున్న మేకపిల్ల లేచినట్టు ఎగిరింది. నేనూ ఎగిరి బానెట్‌కు తల కొట్టుకున్నాను.

అంటే వైరు మంచిదే. ముల్లు మంచిదే. ఇక మిగిలింది సెన్సరే. ఉస్తాద్ చెప్పిందే నిజం. పాతది ఖరాబు, నేను చుట్టిన కొత్తదీ ఖరాబు. అలా జరగకూడదనేం లేదు. రెండు వరసగా ఖరాబు కావచ్చు.

కావచ్చు.

ఫిబ్రవరి 14, సోమవారం

నిన్న పర్శరాములన్న సెన్సర్ లేకుండానే తిరిగాడు. ఆ రంధ్రంలో ఉస్తాద్ బోల్టు బిగించి పంపాడు. ఊరికొకసారి ఆపి, దిగి, రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూస్తూ పోయాడట. ఇరవై నాలుగు సార్లు దిగానని చెప్పాడు. జీపులో ఒక ముసలామె, "ఏం బిడ్డా, బండికి జరమొచ్చిందా" అని అడిగిందట.

తీసేసిన సెన్సర్లు రెండూ రేకు డబ్బాలో పడేసి ఉన్నాయి. ఈ రోజు ఉస్తాద్ కోర్టు పని మీద మెదక్ పోయాడు. గ్యారేజీ వెనకే ఆయన ఇల్లు. నేను రెండు సెన్సర్లూ శుభ్రంగా తుడిచి, దారం సఫేదా గీకేసి, ఐ.టి.ఐ.లో రామచందర్ సార్‌ను బతిమాలి తెచ్చుకున్న, కరెంటుకు ఎంత అడ్డు ఉందో చూపించే మీటరు పట్టుకుని, ఉస్తాద్ భార్య విమలమ్మ గారి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏం కావాలె బిడ్డా?"

స్టవ్ మీద గిన్నె చూపించాను.

"చాయా?"

సెన్సర్లు చూపించాను.

విమలమ్మ గారు సెన్సర్లనూ నన్నూ మార్చి మార్చి చూశారు. "గివి ఉడకపెడ్తవా? చాయ గిన్నెల? ఇంట్ల పాత గిన్నె లేదనుకున్నవా? ఆగు." సత్తు గిన్నె ఒకటి తెచ్చి ఇచ్చారు. నీళ్లు ఆవిడే పోశారు. స్టవ్ ఆవిడే వెలిగించారు. "ఉప్పు ఎయ్యాలెనా?" అని అడిగారు. వద్దన్నట్టు తలూపితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

సెన్సర్‌ను వైరుతో వేలాడదీసి కొసను నీళ్లలో ముంచాను. మీటరు ఒక వైరు దాని తలకు, ఇంకోటి దాని ఒంటికి. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు అంకె బాగా ఎక్కువ. వేడెక్కుతున్న కొద్దీ దిగింది. మరిగేసరికి అడుక్కి వచ్చింది. పుస్తకంలో సరిగ్గా అలాగే ఉంది. రెండోది, అంటే నేను చుట్టినది, అదీ అంతే.

రెండూ బతికే ఉన్నాయి.

విమలమ్మ గారు గిన్నెలోకి తొంగి చూసి, "ఉడికినయా?" అన్నారు.

వైరు మంచిది. ముల్లు మంచిది. పాత సెన్సర్ మంచిది. కొత్త సెన్సర్ మంచిది. అన్నీ మంచివే, ఒక్కటీ పనిచేయదు. ఇంత సంతోషం దేనికో నాకు తెలియదు. ఇంటికొచ్చి ఈ నాలుగు మాటలూ అవ్వకు పాటలా చెప్పాను. "మన ఇంటోళ్ల లెక్కనే ఉన్నయి" అంది అవ్వ.

ఫిబ్రవరి 15

సెన్సర్ మంచిదేనని ఉస్తాద్‌కు రేపు చెబుతాను.

ఫిబ్రవరి 16

చెప్పలేదు. పనిలో ఉన్నాడు. రేపు.

ఫిబ్రవరి 17

ఆయన పట్నానికి మళ్లీ సెన్సర్ కోసం మనిషిని పంపాడు. ఇప్పుడు చెబితే బాగుండదు. అయినా షరతు షరతే. నేను మాట తప్పే మనిషిని కాను. భయం వల్ల కాదు.

ఫిబ్రవరి 19, శనివారం

మూడో సెన్సర్ వచ్చింది. "ఈసారి నేనే చుడ్త" అన్నాడు ఉస్తాద్. మూడు వరసల దారం, పైన వెన్నలా సఫేదా. ఆరాలని ఎండలో పెట్టాడు. నేను పక్కన కూర్చుని కాపలా. కాకులు ఎత్తుకుపోతాయట.

అది ఎండుతుంటే గోడకు సున్నం గట్టిపడ్డట్టు గట్టిపడింది. అప్పుడు అవతల లైన్‌మన్ మల్లయ్య స్తంభం ఎక్కబోతూ, తన మనిషిని తిడుతున్నాడు. "చెప్పుల్లేకుంట వైరు పట్టుకుంటవారా, సస్తవు. రబ్బరు చెప్పులు తొడుక్కో."

నేను నా చెప్పులు చూసుకున్నాను. సెన్సర్‌ను చూశాను.

సెన్సర్‌కు ఒకటే వైరు. కరెంటు ఆ వైరులో వస్తుంది. వచ్చింది తిరిగి పోవాలి కదా, ఎట్లా పోతుంది? సెన్సర్ ఒంటి మీది మర ఇంజను ఇనుమును అంటుకుని ఉంటుంది, అందులోంచి పోతుంది. అదే దాని తిరుగు దారి. గిన్నెలో నేనే ఒక వైరును దాని ఒంటికి తాకించాను, కాబట్టి పనిచేసింది. జీపులో దాని ఒంటికి ఏముంది? దారం. ఎండిన సఫేదా.

సెన్సర్‌కు మేం రబ్బరు చెప్పులు తొడుగుతున్నాం.

ఎంత నీటుగా చుడితే అంత గట్టి చెప్పులు.

సాయంత్రం బిగించాక, ఆయన చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు మీటరు పెట్టి చూశాను. ఒక కొస సెన్సర్ ఒంటికి, ఇంకోటి ఇంజనుకు. రెండింటి మధ్య సంబంధమే లేదు. సంబంధం తెగిన చుట్టాల్లా ఉన్నాయి.

తెలిసింది. నాకు తెలిసింది. ఈ సిద్దిపేటలో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఫిబ్రవరి 20

కానీ ఎనిమిదో తారీఖున చుట్టింది నేను.

చెయ్యి మంచిగున్నది అన్నాడు.

ఫిబ్రవరి 21

రేపు చెబుతాను.

ఫిబ్రవరి 23, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఏడవడం లేదు. నవ్వొస్తోంది. నవ్వే కొంప ముంచింది.

పొద్దున పర్శరాములన్న వచ్చాడు. మూడో సెన్సర్ పెట్టి నాలుగు రోజులైంది, ముల్లు కదల్లేదు. వచ్చే నెల శివరాత్రి, కొమురవెల్లిలో రంగుల ముగ్గు పరిచే పెద్దపట్నం జాతర, జనం విరగబడతారు.

"ఉస్తాదూ, నీ మీద కోపం లేదు. కానీ నేను బండిని పట్నం తీస్కపోత. నీకు తెలుస్తలేదు."

గ్యారేజీలో ట్రాక్టరు బాగుచేయించుకుంటున్న నారాయణరావుపేట రైతు ఒకాయన ఉన్నాడు. ఆయన ముందు అన్నాడు ఆ మాట. ఉస్తాద్ మొహం నల్లబడింది. ఇరవై ఏళ్లుగా ఆయనతో ఎవరూ ఆ మాట అని ఉండరు.

"ఏం తెలుస్తలేదు? బోర్డుల వైర్లన్ని కాలినయి. మొత్తం పీకి కొత్తవి ఏస్త. పొద్దుగూకే వరకు నీ ముల్లు ఆడకుంటే అడుగు." కట్టరు తీసుకుని డ్యాష్‌బోర్డు కిందికి దూరాడు.

ఆ వైర్లు మంచివి. నేను చూశాను. ఆయన వాటిని కోయబోతున్నాడు. ఒకసారి కోస్తే ఇక నిజంగానే అన్నీ ఖరాబవుతాయి.

ఇంజను నడుస్తూనే ఉంది, వేడిగా ఉంది. నేను మాట్లాడలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. జేబులోంచి జానెడు వైరు తీశాను. ఒక కొస సెన్సర్ ఇత్తడికి ఒత్తిపట్టాను. ఇంకో కొస ఇంజను మీద రంగు లేని చోట ఒత్తిపట్టాను.

"ఉస్తాదూ, ఆగు" అన్నాడు సీట్లో ఉన్న పర్శరాములన్న. "ఆగాగు. లేస్తున్నది."

నాకు ముల్లు కనిపించదు, బానెట్ అడ్డం. పర్శరాములన్న గొంతు మాత్రమే వినిపిస్తోంది. "పావు కొచ్చింది. సగం కొచ్చింది. అరె, నిలబడ్డది." వైరు తీశాను. "పడ్డది." పెట్టాను. "లేచింది. చెల్లే, ఏం చేస్తున్నవే ఆడ?"

తీశాను, పెట్టాను. పడ్డది, లేచింది. అప్పుడు నవ్వొచ్చింది. గట్టిగా, కడుపు పట్టుకుని, ఆపుకోలేకుండా. ఇరవై నాలుగు రోజుల మాటలన్నీ ఒకేసారి నవ్వై బయటికి వచ్చాయి. ట్రాక్టరు రైతు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. లోపల్నుంచి విమలమ్మ గారు వచ్చి నిలబడ్డారు.

ఉస్తాద్ డ్యాష్‌బోర్డు కింది నుంచి లేచి వచ్చాడు. నా చేతిలో వైరు చూశాడు. ఒక కొస ఎక్కడుందో చూశాడు, ఇంకోటి ఎక్కడుందో చూశాడు. సెన్సర్ మొదలు దగ్గర తెల్లగా మెరుస్తున్న సఫేదాను చూశాడు. ఆయన చాలా తెలివైన మనిషి. నేను ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

కట్టరు డబ్బాలో పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. ఇంట్లోకి పోయాడు.

నా నవ్వు అప్పుడు ఆగింది.

ఫిబ్రవరి 24

ఉస్తాద్ నాతో మాట్లాడలేదు. పానా కావాలంటే చెయ్యి చాపుతున్నాడు. ఏ పానానో నేనే తెలుసుకోవాలి. ఇప్పటిదాకా నేను మౌనం, ఇప్పుడు ఆయన.

పదమూడో నంబరు అనుకుని పద్నాలుగు ఇచ్చాను. వెనక్కి ఇచ్చేశాడు. అది మాట్లాడినట్టే కదా.

ఫిబ్రవరి 25

మాట్లాడలేదు. పన్నెండు పానాలు అందించాను. అన్నీ సరైనవే.

ఫిబ్రవరి 26, శనివారం

పొద్దున నేను పోయేసరికి పర్శరాములన్న జీపు గ్యారేజీ ముందు నడుస్తూ ఉంది. ఎక్కి చూశాను. ముల్లు సగంలో నిలబడి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. నా వైరు లేదు. సెన్సర్ మర శుభ్రంగా ఇత్తడి రంగులో మెరుస్తోంది, దాని మెడకు కొత్త రాగి వాషర్ ఒకటి. దారం లేదు, సఫేదా లేదు. చుక్క కారడం లేదు. రాగి కాబట్టి కరెంటు దారికి అడ్డం లేదు. వాషర్ సంగతి నాకు తట్టలేదు. ఆయనకు తట్టింది.

ఎప్పుడు చేశాడో తెలియదు. నాతో ఏమీ అనలేదు. పర్శరాములన్న మాత్రం పోతూ పోతూ, "ఉస్తాదూ, ఈ పిల్లను నాకియ్యి, బండ్ల ముందు సీటుల కూసోవెట్టుకుంట, ముల్లు పడుకుంటే లేపుతది" అన్నాడు.

ఉస్తాద్ నవ్వలేదు. నా ఫారం గోడకు మేకుకు గుచ్చి ఉంది. అది ఇంకా ఖాళీగానే ఉంది.

అవ్వ అడిగింది, "పెడ్తడా సంతకం?" అని. "ఎందుకు పెట్టడు" అన్నాను. అవ్వ బీడీ చుట్టడం ఆపలేదు. "మొగోని ముందట నవ్వినవు. గదీ పది మందిల" అంది.

ఫిబ్రవరి 27, ఆదివారం

నోటితో చెబితే మళ్లీ నవ్వుతానేమో, లేకపోతే ఏడుస్తానేమో. అందుకే ఉత్తరం రాశాను. రేపు పొద్దున ఆయన పనిముట్ల పెట్టె మీద పెడతాను. ఆయనకు చదువు తక్కువ, విమలమ్మ గారు చదివి వినిపిస్తారు, కాబట్టి అచ్చులాగా పెద్ద అక్షరాలతో రాశాను. తప్పులు లేకుండా చూసుకోవడానికి ముందు ఇక్కడ రాస్తున్నాను.

ఉస్తాద్ గారికి,

బాలమణి నమస్కరించి రాయునది.

షరతు ప్రకారం ఇవాళ్టికి ఇరవై ఎనిమిది రోజులు నేను బండి రోగం గురించి మాట్లాడలేదు. ఉత్తరం రాయొద్దని మీరు చెప్పలేదు.

ఆ రోజు నవ్వినందుకు తప్పు నాది. మిమ్మల్ని చూసి నవ్వలేదు. ముల్లు లేస్తే నవ్వొచ్చింది. నేను చదివింది నిజంగా ఒక బండిలో జరగడం చూడటం నాకు అదే మొదటిసారి. మీరు మొదటిసారి బోరింగులోంచి నీళ్లు తెప్పించిన రోజు మీకూ నవ్వొచ్చి ఉంటుంది. పది మందిలో నవ్వాను, అందుకు క్షమించండి. ముల్లు లేచినందుకు మాత్రం క్షమించమని అడగను.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. ఇది నేను నాకే చెప్పుకోలేదు. పద్నాలుగో తారీఖునే సెన్సర్లు మంచివని నాకు తెలుసు. పంతొమ్మిదో తారీఖున కారణం తెలిసింది. షరతు ఉందని ఊరుకున్నానని అనుకున్నాను. అది కాదు. రెండో సెన్సర్ నేను చుట్టాను, మీరు మెచ్చుకున్నారు. ఆ మెప్పు పోతుందని ఊరుకున్నాను. నేను ముందే చెప్పి ఉంటే పర్శరాములన్న మీతో ఆ మాట అనేవాడు కాదు.

రాగి వాషర్ నాకు తెలియదు. మా పుస్తకంలో లేదు. అలాంటివి మీ దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. అవి నేర్చుకోవాలని ఉంది. నాకు తెలిసినవి కూడా చెప్పాలని ఉంది, మీరు వింటానంటే. గిరాకీ ముందు కాదు, పక్కకు పిలిచి.

నా ఫారం ఐ.టి.ఐ.లో ఇవ్వడానికి ఆఖరి తేదీ మార్చి 5, శనివారం. మీరు వద్దంటే, మిగిలిన రెండు రోజుల్లో ఎనిమిదో గ్యారేజీకి, తొమ్మిదో గ్యారేజీకి పోవాలి. కాబట్టి మార్చి 2, బుధవారం సాయంత్రం గ్యారేజీ మూసేలోపు సంతకం పెడతారో లేదో దయచేసి చెప్పండి. మాట్లాడటం ఇష్టం లేకపోతే చెయ్యి చాపండి, కలం అందిస్తాను.

ఇట్లు,
బి. బాలమణి